ఆ ఖాళీ చోటు ముందే చూసి పెట్టుకోండి: వేసవి సెలవుల్లో ఒక ఆకాశ పాఠం



గత ఏడాది నుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంది. ఆకాశంలో కొత్త నక్షత్రం పుడుతోందని, మళ్లీ ఎనభై ఏళ్ల దాకా కనిపించదని, పిల్లలకు తప్పకుండా చూపించాలని దాని సారాంశం. 2024 సెప్టెంబరు లోపు అన్నారు, దాటిపోయింది. 2025 మార్చి 27 అన్నారు, అదీ దాటిపోయింది. ఇప్పుడు మే నెల. ఇది రాస్తున్న రోజు వరకు ఆ నక్షత్రం ఉలకలేదు, పలకలేదు. పీటీఎంకి వచ్చిన కొందరు "టీచర్, ఇది ఫేక్ న్యూసేనా?" అని నేరుగా అడిగారు.

ఫేక్ కాదండీ. అయితే ఆ మెసేజ్‌లో రెండు తప్పులు ఉన్నాయి. అది కొత్త నక్షత్రం కాదు. తేదీ కూడా ఎవరికీ కచ్చితంగా తెలియదు. మిగతాదంతా నిజమే. మన కాలంలో, బహుశా ఈ ఏడాదో వచ్చే ఏడాదో, ఆ నక్షత్రం పేలే అవకాశం గట్టిగా ఉంది. పేలిన తర్వాత మామూలు కంటికి కనిపించేది ఓ వారం రోజులే.

ఇదే విషయం తొమ్మిదో తరగతిలో చెబుతుంటే ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "టీచర్, నక్షత్రాలన్నీ చుక్కలే కదా. రేపు ఒక చుక్క కనిపిస్తే అది అదేనని ఎలా తెలుస్తుంది?" ఈ నెల పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందుగా అసలు కథ. ఈ నక్షత్రం పేరు టీ కరోనే బోరియాలిస్. ఇక నుంచి టీ అనుకుందాం. ఇది ఉత్తర కిరీటం అనే చిన్న నక్షత్ర మండలంలో, మనకు సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నిజానికి అక్కడ ఉన్నవి రెండు నక్షత్రాలు. ఒకటి ముసలిదై ఉబ్బిపోయిన ఎర్రటి పెద్ద నక్షత్రం, రెండోది భూమంత సైజుకు కుదించుకుపోయిన తెల్లటి మరుగుజ్జు నక్షత్రం. సుమారు 228 రోజులకు ఒకసారి అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. పెద్దదాని నుంచి హైడ్రోజన్ వాయువు చిన్నదాని మీదికి జారి పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగు పొరలో ఒత్తిడి, వేడి హద్దు దాటగానే పైపొర మొత్తం ఒక్కసారిగా అణు పేలుడుతో అంటుకుంటుంది. నక్షత్రం మాత్రం నాశనం కాదు, పొర ఎగిరిపోతుంది అంతే. తర్వాత మళ్లీ పేరుకోవడం మొదలు. అందుకే ఇది మళ్లీ మళ్లీ పేలే నోవా. సూపర్‌నోవా వేరు, అందులో నక్షత్రమే పోతుంది. పరీక్షల్లో పిల్లలు ఈ రెండూ కలిపేస్తుంటారు.

ఇక గుర్తుపట్టడం సంగతి.

ఎగ్జామ్ హాల్ గుర్తుచేసుకోండి. ఇన్విజిలేటర్‌కి పిల్లల ముఖాలు తెలియవు. చేతిలో సీటింగ్ ప్లాన్ ఉంటుంది. మూడో వరుస, నాలుగో బెంచీ అంటే ఫలానా హాల్ టికెట్ నంబరు. బెంచీ ఖాళీగా ఉంటే ఆబ్సెంట్ ఎవరో కూడా చోటును బట్టే తెలుస్తుంది. ఆకాశంలోనూ ఇంతే. నక్షత్రానికి ముఖం లేదు, అడ్రస్ ఉంది. భూమి మీద అక్షాంశం, రేఖాంశం ఎలాగో ఆకాశంలో క్రాంతి, విషువాంశం అలాగ. టీ అడ్రస్ ఇది: విషువాంశం 15 గంటల 59 నిమిషాల 30 సెకన్లు, క్రాంతి ఉత్తరంగా 25 డిగ్రీల 55 నిమిషాలు. విషువాంశాన్ని గంటల్లో ఎందుకు చెబుతారంటే ఆకాశం మొత్తం సుమారు 24 గంటల్లో ఒక చుట్టు తిరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి.

ఈ అడ్రస్ పద్ధతి ఎంత బలమైనదో 1866లో తేలింది. ఆ ఏడాది మే 12 రాత్రి ఐర్లండ్‌లోని ట్యూమ్ అనే ఊళ్లో జాన్ బర్మింగ్‌హామ్ అనే ఆయన స్నేహితుడి ఇంటి నుంచి నడిచి వస్తున్నాడు. ఉత్తర కిరీటంలో ఎప్పుడూ లేని చుక్క ఒకటి ఆ మండలంలోని అతి ప్రకాశవంతమైన నక్షత్రంతో పోటీగా వెలుగుతోంది. ఆయనకు ఆ కిరీటం ముందే బాగా తెలుసు, అందుకే ఒక చుక్క ఎక్కువైన సంగతి కంటికి తగిలింది. వార్త యూరప్ అంతా పాకింది. అందరూ కొత్త నక్షత్రం అనుకున్నారు. నోవా అనే లాటిన్ మాటకు అర్థమే కొత్తది.

అప్పటికి కొద్ది ఏళ్ల ముందే జర్మనీలోని బాన్ నగరంలో ఆర్గెలాండర్ అనే ఖగోళ శాస్త్రవేత్త, ఆయన సహాయకులు కలిసి సుమారు 3,24,000 నక్షత్రాల చోట్లు రాసి ఒక పెద్ద పట్టిక వేశారు. కంప్యూటర్ లేదు, ఫొటో లేదు, అంతా కంటితో చూసి చేత్తో రాసిందే. ఆ పట్టిక తెరిచి బర్మింగ్‌హామ్ చూసిన చోట వెతికితే అక్కడ ఒక నక్షత్రం అప్పటికే నమోదై ఉంది. 26 డిగ్రీల వరుసలో 2765వ నంబరు, ప్రకాశం తొమ్మిదిన్నర. అంటే టెలిస్కోపు లేకుండా కనిపించనంత మసకది. కొత్త నక్షత్రం కొత్తది కాదని తేల్చింది ఆ ఒక్క లైను. మూడు లక్షల లైన్లు ఓపిగ్గా రాసినవాళ్లకు అందులో ఏ లైను ఎప్పుడు పనికొస్తుందో తెలియదు కదా.

లెక్కల మీద కన్నున్న పిల్లలు ఇక్కడ ఆగి అడగాలి: ఇందాక క్రాంతి 25 డిగ్రీల 55 నిమిషాలు అన్నారు, ఇప్పుడు 26 డిగ్రీల వరుస అంటున్నారు, మరి వేరే నక్షత్రమా? వేరేది కాదు. భూమి బొంగరంలా తిరుగుతూ తన అక్షాన్ని కూడా మెల్లగా ఊపుతుంది. దాని వల్ల మనం ఆకాశం మీద గీసుకున్న గీతలే జరుగుతాయి. దీన్ని మన పెద్దలు అయన చలనం అన్నారు. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో, మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. మధ్యలో ఆ మూడు వారాల తేడాకు కారణం ఇదే. పంచాంగంలో అయనాంశ అని సుమారు 24 డిగ్రీలు కనిపించేదీ ఇదే. బాన్ పట్టికలోని గీతలు 1855 నాటివి. ఇప్పుడు వాడే 25 డిగ్రీల 55 నిమిషాలు 2000 సంవత్సరపు గీతలతో వేసింది. ఆ 145 ఏళ్లలో టీ దగ్గర క్రాంతి గీత సుమారు 24 నిమిషాలు జరిగింది. లెక్క సరిపోయింది. అందుకే ఏ నక్షత్రం అడ్రస్‌కైనా పక్కన సంవత్సరం కూడా రాయాలి. ఇంటి నంబర్లు మారిన కాలనీలో పాత నంబరా కొత్త నంబరా అని అడుగుతాం కదా, అలాగన్నమాట.

80 ఏళ్ల తర్వాత, 1946 ఫిబ్రవరిలో అదే అడ్రస్‌లో మళ్లీ వెలుగు. ఇక అనుమానం లేదు, ఒకే నక్షత్రం రెండుసార్లు పేలింది.

మరి 1866కి ముందు? ఇక్కడ కథ డిటెక్టివ్ పనిలా మారుతుంది. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన బ్రాడ్లీ షేఫర్ 2023లో రెండు పాత సాక్ష్యాలు బయటికి తీశారు. ఒకటి 1787 డిసెంబరు నాటిది. ఫ్రాన్సిస్ వొల్లాస్టన్ అనే ఇంగ్లిష్ మతగురువు ఒక నక్షత్రం చోటు కొలిచి తన పట్టికలో రాసుకున్నాడు. ఆ కొలతలు టీ ఉన్న చోటుకే వస్తాయి, అంత ప్రకాశంతో కనిపించే వేరే నక్షత్రం ఆ చోట లేదు. రెండోది 1217 నాటిది. జర్మనీలోని ఉర్స్‌బెర్గ్ మఠాధిపతి బుర్‌ఖార్డ్ ఆ శరత్కాలంలో కిరీటంలోని ఒక మసక నక్షత్రం కొన్నాళ్లు గొప్ప కాంతితో వెలిగి తగ్గిపోయిందని రాశాడు. ఆయన కొలతలేమీ ఇవ్వలేదు, మండలం పేరు మాత్రమే చెప్పాడు. నా లెక్కలో 1787 సాక్ష్యం చాలా గట్టిది, 1217ది ఆసక్తికరమైనది కానీ కొంచెం వదులు. ఒకటి డోర్ నంబరుతో ఉన్న అడ్రస్, ఇంకోటి ఊరి పేరు మాత్రమే ఉన్న ఉత్తరం. రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ పనిలో మన ప్రాంతానికి దగ్గరి ముచ్చట కూడా ఒకటుంది. 1863 మే నెలలో మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వృశ్చిక రాశిలో తొమ్మిదో తరగతి ప్రకాశం ఉన్న ఒక కొత్త చుక్కను చూసి చోటు రాసి పెట్టాడు. కొద్ది రోజుల్లోనే అది మసకబారిపోయింది. దానికి యూ స్కార్పియై అని పేరు. 1940లో అమెరికాలోని హార్వర్డ్‌లో హెలెన్ థామస్ పాత గాజు పలకల ఫొటోల్లో అదే చోటు వెతికితే 1906లో ఒకసారి, 1936లో ఒకసారి అది పేలిన గుర్తులు దొరికాయి. ఆ రెండుసార్లూ ఆకాశంలో దాన్ని ఎవరూ గమనించలేదు. మద్రాసులో రాసిన ఒక అడ్రస్ పట్టుకుని 77 ఏళ్ల తర్వాత బోస్టన్ పక్కన ఒకావిడ దాన్ని మళ్లీ పట్టుకున్నారు. తర్వాత 1979, 1987, 1999, 2010, 2022లో కూడా పేలింది, ఇప్పుడైతే అది అందరికీ బాగా తెలిసిన నోవా. నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే పద్ధతిలో అయిదు తరగతుల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు అని 1856లో ప్రతిపాదించినవాడు కూడా ఈ పాగ్సనే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఆయన మచిలీపట్నం వచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి అదే గ్రహణాన్ని వనపర్తి నుంచి చూశారు. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మన పిల్లలకు ఈ పేర్లు పాఠ్యపుస్తకంలో తగలవు కాబట్టి ఇక్కడ చెప్పాను.

ఇప్పుడు ఒక జాగ్రత్త. చోటు కలిసినంత మాత్రాన ప్రతిసారీ అదే నక్షత్రం అనుకోకూడదు. హాల్లో ఒకరి బెంచీలో ఇంకొకరు కూర్చునే అవకాశం ఉంటుంది, అందుకే హాల్ టికెట్ మీద ఫొటో కూడా చూస్తాం. ఆండ్రోమెడా గెలాక్సీ లాంటి కిక్కిరిసిన చోట్ల పాత నోవా, కొత్త నోవా ఒకే చోట వచ్చాయనుకున్నవి, ఫొటోలను జాగ్రత్తగా పక్కపక్కన పెడితే వేరువేరు నక్షత్రాలని తేలిన సందర్భాలు ఉన్నాయి. అలాంటప్పుడు కాంతిని పట్టకంతో రంగులుగా విడగొట్టి చూస్తారు. 1866లో లండన్‌లో విలియం హగ్గిన్స్ టీ పేలిన నాలుగు రోజులకే ఈ పని చేసి, దాని కాంతిలో మండుతున్న హైడ్రోజన్ గీతలు చూశాడు. ఒక నోవా కాంతిని అలా పరీక్షించడం అదే మొదటిసారి.

టీ విషయంలో మనకు మరో సౌకర్యం ఉంది. ఉత్తర కిరీటం రాశిచక్రానికి చాలా దూరం. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఏవీ ఎప్పటికీ ఆ పక్కకు రావు. గురువునో శుక్రుణ్నో చూసి నోవా అని పొరబడే ప్రసక్తే లేదు. (జాతకాల్లోనూ దీనికి పాత్ర లేదు, కాబట్టి ఆ కంగారు కూడా వద్దు.) విమానం, శాటిలైట్ అయితే నిమిషాల్లో కదిలిపోతాయి. ఆ చోట ధ్రువ నక్షత్రమంత వెలుగుతో, అరగంట తర్వాత చూసినా పక్క నక్షత్రాలతో అదే అమరికలో ఒక కొత్త చుక్క నిలబడి ఉంటే అది టీనే.

ఇంటి నుంచి ఎలా చూడాలి

మే నెల మనకు అన్ని విధాలా అనుకూలం. సెలవులు, డాబా మీద పడక, రుతుపవనాలు ఇంకా రాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఉత్తరం వైపు చూసి సప్తర్షి మండలం పట్టుకోండి. గరిటె కాడ ఎటు వంగిందో అదే వంపుతో ముందుకు సాగితే నారింజ రంగులో గట్టిగా వెలిగే నక్షత్రం వస్తుంది. అది స్వాతి. ఈశాన్యం వైపు కింద తెల్లగా మెరిసేది అభిజిత్తు. స్వాతి నుంచి అభిజిత్తుకు మనసులో ఒక గీత గీసి, అందులో మూడో వంతు దూరం వెళ్లండి. స్వాతి నుంచి సుమారు 20 డిగ్రీలు, అంటే చెయ్యి పూర్తిగా చాచి జాన పట్టినంత. అక్కడ ఏడు చుక్కలు సగం గిన్నెలా వంగి కనిపిస్తాయి. అదే ఉత్తర కిరీటం. ఆ సమయానికి తూర్పు, ఈశాన్యం మధ్య సగం ఆకాశం ఎత్తులో ఉంటుంది. అర్ధరాత్రికి దాదాపు నెత్తిమీదికి వస్తుంది.

ఆ ఏడింటిలో బాగా వెలిగేది ఒక్కటే, ఆల్ఫెక్కా. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ లాంటి చోట్ల అదొక్కటే కనిపించవచ్చు. వేసవికి అమ్మమ్మగారి ఊరికి వెళ్తుంటే ఈ పని అక్కడ పెట్టుకోండి, మిగతా ఆరూ అక్కడే బాగా దొరుకుతాయి. బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది. గిన్నెకు తూర్పు చివర నుంచి రెండో చుక్క పేరు ఎప్సిలాన్. దానికి దక్షిణంగా, కాస్త తూర్పుకు జరిగి, గిన్నె బయట, చాచిన చేతి చిటికెన వేలి వెడల్పంత దూరంలో టీ ఉంది. ఇప్పుడు అక్కడ కంటికి ఏమీ కనిపించదు. దాని ప్రకాశం పదో తరగతి, మన కంటికి హద్దు ఆరో తరగతి. పేలితే రెండో తరగతికి వస్తుంది, అంటే సుమారు 1,600 రెట్లు. పాగ్సన్ సూత్రంతో ఈ లెక్క పిల్లలు వేసి చూడాలి: ఎనిమిది తరగతుల తేడాకు 2.512 ని ఎనిమిదిసార్లు గుణించడమే.

ఫోన్ యాప్ గురించి ఒక మాట. దారి చూపించడానికి యాప్ మంచిదే, నేనూ వాడతాను. కానీ యాప్‌లో కనిపించేది పట్టిక చూసి గీసిన బొమ్మ. బయట టీ పేలినా బొమ్మలో మసకగానే ఉండవచ్చు. చోటు తెలుసుకున్నాక ఫోన్ జేబులో పెట్టి కళ్లతో చూడాలి. స్క్రీన్ వెలుగు తగ్గి కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఓ ఇరవై నిమిషాలు పడుతుంది.

"కనిపించని చోటును చూడటం టైమ్ వేస్ట్ కాదా, ఆ టైమ్‌లో ఫౌండేషన్ కోర్సు వర్క్‌షీట్ చేయొచ్చు కదా" అని ఒక తండ్రి నవ్వుతూ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను అడిగేది రోజుకు రెండు నిమిషాలు. 1946లో టీని ముందుగా పట్టుకున్నవాళ్లలో సోవియట్ యూనియన్‌లో రైలు పట్టాలు చూసుకునే ఒక కార్మికుడు ఉన్నాడు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో పదిహేనేళ్ల స్కూలు కుర్రాడు తన పడకగది కిటికీలోంచి చూసి, ఇంగ్లండ్ ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. వాళ్ల దగ్గర ఖరీదైన పరికరాలేమీ లేవు, ఆ చోటు మాత్రం ముందే తెలుసు. మరోవైపు అమెరికాలో లెస్లీ పెల్టియర్ అనే రైతు, పేరున్న ఆకాశ పరిశీలకుడు, 1920 నుంచి పాతికేళ్లు టీ మీద కన్నేసి ఉంచాడు. ఆ ఫిబ్రవరి రాత్రి అలారం మోగింది, లేచాడు, జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నాడు. టీ పేలింది ఆ రాత్రే. ఈ కథ చెబితే క్లాసంతా ఒక్కసారి "అయ్యో" అంది. ఆయన తన పుస్తకంలో దీన్ని దాచకుండా రాసుకున్నాడు.

జూన్‌లో స్కూలు తెరిచేసరికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఒక పేజీ రికార్డు తెస్తే చాలు. ఒక నోట్‌బుక్ పేజీలో అయిదు గళ్లు: తేదీ, టైమ్, ఊరు, ఆకాశం ఎలా ఉంది, ఆల్ఫెక్కా కాకుండా ఆ దగ్గర అంత వెలుగున్న చుక్క కనిపించిందా లేదా. చాలా రాత్రులు జవాబు లేదు అనే వస్తుంది. మార్కులకు భయపడి పిల్లలు ఆ గడి ఖాళీగా వదిలేయడమో, ఊహించి నింపడమో చేస్తారు. దయచేసి రెండూ చేయనివ్వకండి. లేదు అని టైమ్‌తో సహా రాయించండి. 1866 మే 12 సాయంత్రం ఏథెన్స్‌లో జూలియస్ ష్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆకాశంలో అదే భాగం చూస్తున్నాడు. కంటికి ఆనేంత కొత్త చుక్క ఏదీ అక్కడ లేదని ఆయన గట్టిగా చెప్పగలిగాడు. కొన్ని గంటల తర్వాతే ఐర్లండ్‌లో బర్మింగ్‌హామ్ తలెత్తి చూశాడు. కనిపించని నక్షత్రం కొన్ని గంటల్లోనే అంత వెలుగుకు ఎగబాకిందని ప్రపంచానికి తెలిసింది ష్మిట్ రాసిన ఆ లేదు వల్లే.